కలానికి కట్టిన గంట

మద్రాసులో రాయపురం స్టేషను దగ్గర ఒక సెట్టిగారికి గిడ్డంగి ఉండేదట. కథ కల్పితం, స్టేషను మాత్రం నిజం. 1856 జూలై 1న దక్షిణ దేశంలో తొలి ప్రయాణికుల బండి అక్కడినుంచే వాలాజా రోడ్డుకు కదిలింది. 1873లో సెంట్రల్ స్టేషను వచ్చి ప్రయాణికులను తనవైపు లాక్కుంది గానీ, హార్బరు పక్కనే ఉండటంతో సరుకు రాయపురాన్ని విడవలేదు.

సెట్టిగారి గిడ్డంగిలో గుంటూరు మిరపకాయలు, అనకాపల్లి బెల్లం, నెల్లూరు బియ్యం. కింద సరుకు, మేడమీద కచేరీ. కచేరీలో ఒక పెద్ద ఆవర్జా. ఏ వరసలో ఎవరి సరుకు, ఎన్ని బస్తాలు, ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోవాలి, అన్నీ అందులోనే. పద్దులు రాసేది చిన్న గుమాస్తా, నెలకు ఎనిమిది రూపాయల జీతగాడు. వాడి తప్పులు దిద్దేది పెద్ద గుమాస్తా.

రోజూ పొద్దున్నే మేస్త్రీ మెట్లెక్కి వచ్చేవాడు. పెద్ద గుమాస్తా ముందురోజు పద్దులు చదువుతుంటే గుమ్మానికి ఆనుకుని వినేవాడు. చదువు రాదు, గిడ్డంగి మాత్రం కంఠతా వచ్చు. "ఆరో వరసలోకి బెల్లమా అండీ? అక్కడ కప్పు కారుతోంది గదా" అనేవాడు. "పద్దెనిమిది అంటున్నారు, నేను దింపింది పదహారే" అనేవాడు. పెద్ద గుమాస్తా విసుక్కుంటూ కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూసేవాడు. చాలాసార్లు మేస్త్రీ మాటే నెగ్గేది. ఈ తతంగం ముగిసి కూలీలు బస్తా మీద చెయ్యి వేసేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. వీధిలో ఎద్దుబండ్ల వాళ్ల తిట్లు మేడమీదికి వినిపించేవి.

ఆ తిట్లు సెట్టిగారికి కడుపుమంట. ఒకనాడు స్టేషనులో నిలబడి ఉండగా కేబిన్‌లోని మనిషి ఒక మీట లాగాడు. ఎక్కడో దూరాన సిగ్నలు రెక్క వాలింది. సెట్టిగారికి మెరుపులా తట్టింది. ఇక్కడ లాగితే అక్కడ కదులుతోంది. మేడమీద రాస్తే కింద ఎందుకు కదలకూడదు? ఒక మీట లాగాక దానికి విరుద్ధమైన రెండో మీటను కదలనివ్వని ఇనప పట్టీలు ఆ కేబిన్‌లో మీటల అడుగున ఉంటాయి. అవి ఆయన కంటపడలేదు.

వారంలో ఏర్పాటు సిద్ధమైంది. ఆవర్జా పక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టారు. కొత్త పద్దు పడినా, ఉన్న పద్దు మారినా, పద్దు కొట్టేసినా వాడు ఆ ముక్క చీటీ మీద ఎక్కించి తాడుకు కట్టిన బుట్టలో వేసి కిందికి వదలాలి. బుట్ట నేలకు తగలగానే గంట మోగుతుంది. గంట మోగితే కూలీల్లో అక్షరం ముక్క వచ్చినవాడు చీటీ చదువుతాడు, మిగతావాళ్లు బస్తా ఎత్తుతారు. సెట్టిగారు ఒక్క నియమం పెట్టారు: చీటీలో ఉన్నది చెయ్యాలి, ఎదురు ప్రశ్న వెయ్యకూడదు. మేస్త్రీ ఇక మెట్లెక్కనక్కర్లేదు.

మొదటి నెల వైభోగమే. మధ్యాహ్నం దాకా పడిగాపులు పడ్డ బండ్లు పొద్దున్నే సరుకెక్కించుకుని పోయేవి. సెట్టిగారు గోవిందప్ప నాయకన్ వీధిలో కనబడ్డ ప్రతి వర్తకుడికీ గంట గురించి చెప్పారు. ఇద్దరు ముగ్గురు వచ్చి చూసిపోయారు కూడా.

రెండో నెలలో బెల్లం తిరగడం మొదలుపెట్టింది. పది బస్తాల బెల్లాన్ని నాలుగో వరసకు చేర్చమని చీటీ వచ్చింది. చేర్చారు. చేర్చామని పైకి కబురు పెట్టారు. చిన్న గుమాస్తా "బెల్లం, పది బస్తాలు, నాలుగో వరస, చేరినది" అని రాశాడు. పద్దు మారింది కదా, కుర్రవాడు చీటీ వేశాడు. గంట మోగింది. నాలుగో వరసలో బెల్లం అని చీటీ చెబుతోంది. ఎదురు ప్రశ్న లేదు. దించి, లెక్కపెట్టి, మళ్లీ పేర్చి, పేర్చామని పైకి చెప్పారు. మళ్లీ పద్దు, మళ్లీ చీటీ. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు సెట్టిగారు కిందికి వచ్చి చూస్తే అదే బెల్లం చుట్టూ చెమటలు కారుస్తూ ఎనిమిదిమంది. అప్పుడు, కింది నుంచి వచ్చిన కబురు రాసిన పద్దుకు చీటీ వెయ్యొద్దన్నారు. మరో వారం, చిన్న గుమాస్తా ఒక వర్తకుడి ఇంటిపేరులో వత్తు దిద్దితే ఆయన బియ్యమంతా వీధిలోకి వచ్చి లోపలికి పోయింది. వరస గానీ, సంఖ్య గానీ, సరుకు గానీ మారితేనే చీటీ అన్నారు. చిల్లుకో మాటు వేసుకుంటూ కార్తీకం దాకా లాక్కొచ్చారు.

కార్తీకమంటే ఆ ఊళ్లో వానలు. ఈశాన్య గాలికి సముద్రం మీదినుంచి ముసురు దిగి రోజుల తరబడి వదలదు. ఆ చెమ్మకు ఆవర్జాలో రెండు పేజీలకు చెదలు పట్టింది. పెద్ద గుమాస్తా చూసి, "నాయనా, ఈ పద్దులన్నీ కొట్టేసి కొత్త కాగితం మీదికి శుభ్రంగా ఎత్తి రాయి" అన్నాడు. ఏ కచేరీలోనైనా చెప్పే మాటే. చిన్న గుమాస్తా బుద్ధిగా రూళ్లకర్ర పెట్టి నలభై పద్దులూ అడ్డగీత గీసి కొట్టేశాడు. తర్వాత కలం చెక్కుకుని మొదటి పద్దు తిరిగి రాయడం మొదలుపెట్టాడు.

నలభై చీటీలు వరసగా దిగాయి. పద్దు కొట్టేశారంటే సరుకు గిడ్డంగిలో ఉండకూడదని కూలీల లెక్క. వానలోకి మోయడం మొదలుపెట్టారు. మేస్త్రీ గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ మిరపకాయల వర్తకుడు ఇంకా గుంటూరులోనే ఉన్నాడని వాడికి తెలుసు. బండి ఒక్కటీ రాలేదనీ తెలుసు. నోరు తెరవబోయి నియమం గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఇంతలో కొత్త కాగితం మీద రాసిన పద్దులకూ చీటీలు దిగసాగాయి. ఏడో వరసకు మిరపకాయలు చేర్చమని ఒకటి. కొందరు కూలీలు తడిసిన బస్తాలను లోపలికి తెచ్చారు. కానీ బుట్ట ఒకసారి తాడుకు చిక్కి తిరగబడటంతో చీటీలు కలగలిసిపోయాయి. కొత్త చీటీ కింద పాత చీటీ దొరికింది. దాని మీద కొట్టివేత. లోపలికి వచ్చిన బస్తాలు మళ్లీ వీధిలోకి పోయాయి. ఏది ముందు రాసిందో, ఏది వెనక రాసిందో చీటీ మీద లేదు. సెట్టిగారు జట్కా దిగేసరికి కాలవలో నీళ్లు ఎర్రగా పారుతున్నాయి.

ఆ రాత్రి కచేరీలో విచారణ. "నేను పుస్తకం దిద్దానండీ, బస్తా ముట్టలేదు" అన్నాడు చిన్న గుమాస్తా. "రాసింది చీటీకెక్కించాను" అన్నాడు కుర్రవాడు. "చీటీలో ఉన్నది చేశాం" అన్నారు కూలీలు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చివరికి సెట్టిగారు మేస్త్రీ వైపు తిరిగి, "నువ్వు చూస్తూ ఎలా ఊరుకున్నావురా?" అన్నారు.

"అయ్యా, మునుపు పుస్తకం చదివి పెద్దయ్యగారు నాకు చెప్పేవారు. తిరిగి నేను చెప్పేది ఆయన వినేవారు. ఇప్పుడు పుస్తకానికి నోరు పెట్టారు, చెవి పెట్టలేదు" అన్నాడు మేస్త్రీ.

పెద్ద గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఈ కుర్రాడికి మనం అక్షరాలు దిద్దే జీతం ఇస్తున్నాం సెట్టిగారూ. గంట కట్టిన నాటినుంచి వాడు నలభై బస్తాల వరసను ఒక్క గీతతో వీధిలో పెట్టగలవాడయ్యాడు. ఆ సంగతి వాడికి మనం చెప్పనే లేదు."

సెట్టిగారు గంట తీయించలేదు. లాభం రుచి చూసినవాడు అంత తేలిగ్గా తీయించడు. మార్పులు చేశారు. చీటీ మీద ముందు ఏముండేదో, ఇప్పుడేమైందో రెండూ రాయాలి. క్రమసంఖ్య వెయ్యాలి. కచేరీ ముద్ర లేని చీటీని ముట్టుకోకూడదు. ఒక్కపూటలో అయిదు పద్దులకు మించి కొట్టేస్తే గంట మోగదు, మేస్త్రీని పైకి పిలవాలి. తాడు చివర కొక్కెం మేస్త్రీ చేతికిచ్చారు. అనుమానం వస్తే బుట్టను గాలిలోనే నిలిపేసే హక్కు వాడిది. చిన్న గుమాస్తా జీతం పెంచారో లేదో కథ చెప్పినవాళ్లు చెప్పలేదు.

నీతి: పుస్తకం మారగానే పని దానంతటదే జరిగిపోయే ఏర్పాటు చేస్తే, ఆ రోజునుంచి పుస్తకం రాసేవాడే పని చేసేవాడు. ఆ బరువు వాడికి తెలియజెప్పి, ఆపే చెయ్యి ఒకటి దారిలో ఉంచి, తర్వాతే గంట కట్టాలి.

ఈ కథ చెప్పింది నేటి నెట్‌వర్క్ కచేరీల కోసం. పెద్ద నెట్‌వర్క్ నడిపేవాళ్ల దగ్గరా ఇలాంటి ఆవర్జా ఒకటి ఉంటుంది. ఏ రాక్‌లో ఏ స్విచ్, ఏ పోర్టుకు ఏ కేబులు, ఏ యంత్రానికి ఏ ఐపీ అడ్రసు అని రాసుకునే సాఫ్ట్‌వేర్. వాటిలో పేరున్నది నెట్‌బాక్స్. డిజిటల్ ఓషన్ అనే అమెరికన్ సంస్థలో జెరెమీ స్ట్రెచ్ మొదలుపెట్టిన దీన్ని 2016లో ఓపెన్ సోర్సుగా విడుదల చేశారు. 2018లో దానికి వెబ్‌హుక్‌లు వచ్చాయి, 2023 చివర్లో 3.7 వెర్షన్‌తో ఈవెంట్ రూల్స్ వచ్చాయి. ఒక పద్దు పుట్టినా, మారినా, పోయినా ఇంకో సాఫ్ట్‌వేర్‌కు కబురు వెళుతుంది, లేదా ఒక స్క్రిప్టు నడుస్తుంది. పోర్టుకు ఎదురుగా ఉన్న వీలాన్ సంఖ్య మార్చి సేవ్ నొక్కితే, అవతల యాన్సిబుల్ లాంటి ఆటోమేషన్ సాధనం మేలుకుని కొన్ని సెకన్లలో అసలు స్విచ్‌నే మార్చేస్తుంది. రాత్రి రెండింటికి లేచి ఒక్కొక్క స్విచ్‌లోకి లాగిన్ అయి కమాండ్లు కొట్టిన తరానికి ఇది వరమే. అందులో నాకు సందేహం లేదు.

సెట్టిగారు వానలో నేర్చుకున్నవి చాలావరకు ఇందులో ముందే అమర్చి ఉన్నాయి. కబురులో మార్పుకు ముందు స్థితీ, తర్వాతి స్థితీ రెండూ వెళతాయి. ఫలానా గడి ఫలానా విలువ అయితేనే కదలమని షరతు పెట్టవచ్చు. రహస్య తాళం ఇస్తే ప్రతి కబురు మీదా ఎస్‌హెచ్‌ఏ-512 లెక్కతో ముద్ర పడుతుంది, అందుకున్నవాడు సరిచూసుకోవచ్చు. అమర్చి ఉన్నాయే గానీ, షరతూ తాళమూ ఐచ్ఛికాలు. పెట్టకపోయినా నియమం నడిచిపోతుంది, మొదటి నెలంతా వైభోగంగానే నడుస్తుంది. ఇక తెర మీద యాభై వరసలకు టిక్కు పెట్టి ఒక్కసారి డిలీట్ నొక్కితే యాభై కబుర్లూ బయల్దేరతాయి. "అయిదు దాటితే ఆగు" అనే ఇంగితం ఆ కబురు అందుకునే వైపు మనమే రాసుకోవాలి.

బెల్లం తిరిగిన సంగతికి ఇక్కడ లోతైన కారణం కూడా ఉంది. నెట్‌బాక్స్ రచయితల ఉద్దేశంలో అది నెట్‌వర్క్ ఎలా ఉండాలో రాసుకునే పుస్తకం. ఎలా ఉందో కొలిచేవి వేరే పరికరాలు. కొలిచినదాన్ని తెచ్చి ఇదే పుస్తకంలో రాయిస్తే ఉత్తర్వూ, నివేదికా ఒకే గడిలో కూర్చుంటాయి. నివేదికను ఉత్తర్వనుకుని యంత్రం మళ్లీ కదులుతుంది. మనుషులైతే సాయంత్రానికి అలసిపోతారు. యంత్రానికి ఆ సదుపాయం లేదు.

ఎదురు ప్రశ్న లేని నియమాల గుంటలో పెద్ద సంస్థలూ పడ్డాయి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ ఇంజనీర్లు తమ డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్ సామర్థ్యం చూద్దామని ఇచ్చిన ఒక కమాండు ఆ లింకులన్నిటినీ తెంచేసింది. అలాంటి కమాండును అడ్డుకోవలసిన తనిఖీ సాధనంలో లోపం ఉండటంతో అది అడ్డుకోలేదు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ సంస్థ డీఎన్ఎస్ సర్వర్లకు ఒక నియమం ఉంది. డేటా సెంటర్లతో మాట కలవకపోతే తమ కనెక్షనే బాగా లేదని తలచి, బీజీపీ ద్వారా ఇచ్చే తమ చిరునామా ప్రకటనలను వెనక్కి తీసుకోవాలి. ఒక్క సర్వరుకు జబ్బు చేస్తే ఇది మంచి నియమమే. ఆ రోజు అన్నిటికీ ఒకేసారి మాట పడిపోయింది, అన్నీ ఒకేసారి వెనక్కి తీసుకున్నాయి. సర్వర్లు బాగానే పనిచేస్తున్నా ప్రపంచానికి వాటి చిరునామా దొరకలేదు. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఆరు గంటలపాటు మూగబోయాయి. ఏ సర్వరూ నియమం తప్పలేదు.

తిరగబడిన బుట్టకు ఉదాహరణ 2025 అక్టోబరులో దొరికింది. అమెజాన్ క్లౌడులో డైనమోడీబీ సేవకు డీఎన్ఎస్ పద్దులు మార్చే పనివాళ్లు కూడా సాఫ్ట్‌వేర్లే. ఒకటి పథకం రాస్తుంది, కొన్ని దాన్ని అమలు చేస్తాయి. అమలు చేసేవాటిలో ఒకటి బాగా వెనకబడింది. తన చేతిలోని పథకం కొత్తదేనా అని అది మొదట్లో ఒకసారి సరిచూసుకుంది. రాసే సమయానికి ఆ తనిఖీ పాతబడింది. ఆలోపు మరొకటి కొత్త పథకం రాసి ముగించింది. వెనకబడినది వచ్చి కొత్తదాని మీద పాతది రాసింది. అదే క్షణంలో ముందుగా ముగించినది పాత పథకాలను తుడిచే పనిలో పడి, అప్పుడే అమల్లోకి వచ్చిన ఆ పాతదాన్నీ తుడిచేసింది. వర్జీనియా ప్రాంతపు చిరునామా గడి ఖాళీ. దాని మీద ఆధారపడిన ఎన్నో సేవలు గంటల తరబడి కుంటుపడ్డాయి. ఆ యంత్రాంగాన్ని ప్రపంచమంతటా ఆపివేశామని అమెజాన్ తరవాత తన నివేదికలో రాసింది.

పుస్తకానికీ నేలకూ పొత్తు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2023 జూన్ 2 చాలు. షాలిమార్ నుంచి చెన్నై వస్తున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ దగ్గర మెయిన్ లైన్ సిగ్నలు ఆకుపచ్చగా ఉంది. బండిని పట్టాలు మార్చే పాయింట్లు మాత్రం గూడ్సు బండి నిలిచిన లూప్ లైనుకు మళ్లి ఉన్నాయి. 290 మందికి పైగా పోయారు. సిగ్నలు సర్క్యూట్‌లో మార్పులు తప్పుగా చేశారనీ, సిగ్నలు పెట్టెలోని తీగలకు కట్టిన పేర్లు సరికాకుండా ఏళ్లపాటు ఎవరి కంటా పడలేదనీ రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. తీగ మీది చీటీ అబద్ధమాడితే, సెట్టిగారి కంటపడని ఆ ఇనప పట్టీలకు నేటి రూపమైన ఇంటర్‌లాకింగ్ ఎంత తెలివైనదైనా ఆ అబద్ధాన్నే నమ్మి ఆకుపచ్చ చూపిస్తుంది.

ఆపే చెయ్యి దారిలో ఉంచడమెలాగో రాయపురం మత్స్యకారులకు హెచ్చరికలు పంపే హైదరాబాదు కేంద్రాన్ని చూస్తే తెలుస్తుంది. 2004 డిసెంబరు 26 సునామీ రాయపురం పక్కనున్న కాశిమేడు రేవునూ కొట్టింది. తర్వాత 2007లో హైదరాబాదు ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం అడుగున పెద్ద భూకంపం నమోదు కాగానే, ముందే లెక్కగట్టి పెట్టుకున్న వేల ఊహాచిత్రాల్లోంచి దగ్గరిదాన్ని సాఫ్ట్‌వేర్ తీసిస్తుంది, నిమిషాల్లో తొలి బులెటిన్ వెళుతుంది. అంతటితో చేతులు దులుపుకోరు. నీటి అడుగున పీడనం కొలిచే పరికరాలూ, తీరంలోని అలల మీటర్లూ నీటిమట్టం నిజంగా మారిందో లేదో చెబుతాయి. దాన్నిబట్టి హెచ్చరిక పెరుగుతుంది, తగ్గుతుంది, లేదా రద్దవుతుంది. రాత్రింబవళ్లు ఎవరో ఒకరు డ్యూటీలో కూర్చుని ఉంటారు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూమి కదిలినప్పుడు చెన్నై వీధుల్లోకి జనం పరుగెత్తారు. భూఫలకాలు అడ్డంగా జారిన భూకంపం కావడంతో పెద్ద అల లేవలేదు, హెచ్చరిక వెనక్కి తీసుకున్నారు. సముద్రాన్నే అడిగి తెలుసుకునే దారి ఉంది కాబట్టి తీసుకోగలిగారు.

మన కచేరీల విషయానికొస్తే, ఆవర్జాలో పద్దు కొట్టేసే అధికారం ఎవరెవరికి ఉందో ఒకసారి జాబితా తీసి చూడండి. పట్టికలు నింపడం ఎవరికీ ఇష్టం లేని పని కాబట్టి, ఆ జాబితాలో కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన కుర్రాళ్ల పేర్లు ఉండి తీరతాయి. సేవ్ నొక్కితే అవతల ఏం కదులుతుందో వాళ్లకు ఎవరూ చూపించి ఉండరు. కొత్త నియమం రాసినప్పుడు మొదటి నెల చర్య జోలికి పోకుండా నోటిఫికేషన్ మాత్రమే పంపేలా పెట్టండి. వచ్చినవాటిని రోజూ సాయంత్రం ఆ నెట్‌వర్క్‌లో తలపండిన ఇంజనీరు ఒకరి ముందు చదివించండి. "అక్కడికెందుకయ్యా?" అని ఆయన ఎక్కడెక్కడ ఆగుతాడో రాసుకుంటే, పెట్టవలసిన షరతులు వాటంతటవే బయటపడతాయి.